పడితే లేపగలిగిన బండి: గద్వాల నుంచి పాన్‌గల్ దాకా

నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. నన్ను చంకనేసుకుని పెంచింది మా అక్క. పాన్‌గల్ దాటినాక వాగు అవతల ఆమె అత్తగారి ఊరు. ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. కొడుకులూ కోడళ్ళూ బాగా చూసుకుంటారు, ఆ మాట దాచకూడదు. కానీ మోకాళ్ళు పట్టేసి పోయినేటి వానల నుంచి వాకిలి దాటలేదు. ఎద్దుల బండి ఎక్కిస్తే ఒక్కొక్క కుదుపుకూ ప్రాణం పోతున్నదని అరుస్తుంది. నేను ఉద్యోగం చాలించి వనపర్తిలో కాపురం పెట్టింది ఆమెకు దగ్గరగా ఉందామనే. దగ్గరంటే ఏం దగ్గర! తెల్లవారి బండి కడితే ఆ రాళ్ళ బాటలో ఈడ్చుకుంటూ పొద్దువాలే వేళకు చేరతాం. మరునాడంతా నడుము పట్టుకుని కూర్చోవడమే. అందువల్ల నెలకొకసారి పోయేవాడిని రెండు నెలలకొకసారికి దిగాను. ఈ దసరా తర్వాత పోతే అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇగ రాకు తమ్మీ. నా కోసం నీకు గింత పరేషాన్ ఎందుకు? నాదైపాయె గదా," అన్నది. అని గోడవైపు తిరిగి పడుకున్నది. నాకు మొదట కోపం వచ్చింది, తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఏడుపొచ్చింది. వారం వారం పోయి ఆమెను మళ్ళీ ఇటు తిప్పుకోకపోతే అట్లాగే మనసు వదిలేస్తుందని భయం పట్టుకుంది. అందుకే యాభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఫట్‌ఫటి కొనాలనే బుద్ధి పుట్టింది.

ఫట్‌ఫటి అంటే మోటారు సైకిలు. నాకది కొత్త కాదు. నాగర్‌కర్నూల్‌లో చెరువుల ఓవర్సీరుగా ఉన్న రోజుల్లో తిమ్మాజిపేట వైపు కట్టల మీద నేను వస్తున్నానంటే కోళ్ళూ మేకలూ పటేళ్ళూ ఒక్కతీరుగా పక్కకు జరిగేవారు. వెనుక సీటు మీద కొంగు నడుముకు బిగించి మా ఆవిడ లక్ష్మమ్మ. తర్వాత ఆఫీసు కుర్చీ వచ్చింది, బండి పోయింది, పొట్ట వచ్చింది. క్లచ్చి పట్టి ఎన్నేళ్ళయిందో లెక్క కూడా మరిచాను. ఇప్పుడు యుద్ధం ముగిసి పటాలం వాళ్ళు వదిలేసిన బండ్లను వేలంలో కొని గద్వాలలో ఒక సాయిబు బాగుచేసి అమ్ముతున్నాడని విన్నాను. ఆ మాట చెబితే లక్ష్మమ్మ జొన్నలు చెరుగుతూ తలెత్తకుండానే, "ముసలోడికి దసరా పండగంట! దసరా గూడ పాయె గదనయ్యా," అన్నది. నేను మూతి ముడుచుకున్నాను. కాసేపటికి చాట పక్కన పెట్టి, "నేను గూడ వస్త. మా నాయన ఎద్దును కొనేటందుకు ఎన్నడు ఒక్కడు పోలే," అన్నది. ఆమె తండ్రి పెద్దమందడి వైపు పేరున్న ఎద్దుల బేరగాడు. ఆ విధంగా ఇద్దరం బయలుదేరాం. నాలాగా వయసు మళ్ళాక తిరిగి బండెక్కాలనుకునే వారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

వనపర్తి నుంచి పొద్దుటి బస్సు పట్టుకుంటే వనపర్తి రోడ్ స్టేషను చేరవచ్చు. పేరులో వనపర్తి ఉన్నది గదా అని కొత్తవాళ్ళు మోసపోకూడదు, ఊరికీ స్టేషనుకూ చాలా దూరం. బస్సుకు మనిషికి నాలుగణాలు, అక్కడి నుంచి గద్వాలకు రైలులో మూడో తరగతికి ఇంకో ఆరణాలు, అన్నీ నిజాం సర్కారు హాలీ సిక్కా డబ్బులోనే. కృష్ణ మీద రైలుకు వంతెన ఉంది గాని రోడ్డు బండ్లకు లేదు. కార్తీకమాసం కాబట్టి నీళ్ళు తగ్గి నల్లటి బండలూ వాటి నడుమ ఇసుక తిన్నెలూ తేలి ఉన్నాయి. వంతెన మధ్యకు రాగానే లక్ష్మమ్మ కిటికీలోంచి ఒక పైసా నదిలోకి విసిరి దణ్ణం పెట్టుకున్నది.

"ఏం మొక్కినవే?" అన్నాను.

"నీకు బండి దొరకొద్దని."

"ఇంకేం, నా నోట్లో మట్టి!"

"అట్లనకు. దొరికితే మంచిది దొరకాలని గూడ మొక్కిన. రెండిట్ల ఏదైనా ఒక్కటే పైస," అని నవ్వింది.

స్టేషను నుంచి కూతవేటు దూరంలో ఖాదర్ సాబ్ రేకుల షెడ్డు. యుద్ధంలో లారీలు నడిపి వచ్చిన మనిషి, నెరిసిన గడ్డం, నల్లటి చేతులు. మాకు ముందు చాయ్ తెప్పించి ఆ తర్వాతే తెర లాగాడు. లోపల రెండు బండ్లు ఉన్నాయి. మొదటిది పెద్దది, పటాలం రంగు, వెడల్పాటి టాంకి, వెనుక మెత్తని సీటు. నా పాత బండికి పెద్దన్నలా ఉంది. టాంకి మీద చెయ్యి వేయగానే నా వయసు సగానికి సగం తగ్గిపోయింది. రెండోది బక్కది, ఎత్తైనది, టాంకికి రెండు సొట్టలు. పొగగొట్టం మడమ దగ్గర కాకుండా తొడ ఎత్తున పోతున్నది. సీటు ఒక్కటే, వెనుక సామాను కట్టుకునే ఇనుప చట్రం.

"ఇదేం బండయ్యా, బక్కచిక్కిన మేకలాగా?" అన్నాను.

ఖాదర్ సాబ్ నొచ్చుకోలేదు. "గిది సికింద్రాబాద్ల ఒక దొరది సాబ్. రాళ్ళల్ల, వాగులల్ల కాలు కింద పెట్టకుండ నడిపే పందేలుంటయి గదా, గా పందెం బండి. దాంట్ల ఉరుకుడు గెలుపు కాదు. జర నిదానంగ, పడకుండ పోవుడే గెలుపు."

"నిదానంగా పోవడానికి పందెమెందుకు? నడిచిపోతే సరి," అని నేను మళ్ళీ పెద్ద బండి వైపే తిరిగాను.

పాత బండి కొనేవారు రంగు చూసి మురిసిపోకూడదు. నేను వంగి రెండింటి చట్రాలనూ అతుకుల దగ్గర వేలితో తడిమాను, పగుళ్ళు లేవు. ముందు చక్రాన్ని మోకాళ్ళ నడుమ బిగించి హాండిలు ఊపి చూశాను, లొడలొడ లేదు. గొలుసు వదులూ, టైర్ల అంచులూ, ఇంజను కింద నూనె మరకలూ చూశాను. రెండూ గట్టిగానే ఉన్నాయి. ఇక కిక్కు కొట్టాలి. పెద్దది మొదటిసారే నా కాలును ఎదురు తన్నింది, మోకాలు చిటుక్కుమంది. నొప్పి కనిపించకుండా ఇంకా రెండుమూడుసార్లు తొక్కితే అంటుకున్నది. ఆ చప్పుడు గుండెలో కొట్టినట్టయింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లక్ష్మమ్మ నన్ను చూసింది.

తర్వాత, "మంచిగున్నది. ఇగ దీన్ని ఇసుకలకు తీస్కపోదాం," అన్నది. షెడ్డు వెనుకే ఒక ఎండిన వాగు ఉంది. ఇద్దరం రెండు బండ్లనూ తోసుకుంటూ అక్కడికి పోయాం, ఖాదర్ సాబ్ ఒకటి, నేనొకటి. మా ఆవిడ ఇసుకలో చేతులు నడుముకు పెట్టుకుని నిలబడింది.

"మా నాయన సంతల ఎద్దు పండ్లు చూసేటోడు, నడక చూసేటోడు. అన్ని అయినంక దాన్ని పండబెట్టి లేపేటోడు. ఎట్ల లేస్తదో చూసినంకనే బేరం. లేవలేని ఎద్దు ఎంత సక్కదనముంటే ఏం లాభం? గీ ఎద్దు తనంతట తాను లేవదు గదా. నువ్వే లేపాలె. పండబెట్టు, చూస్త."

"నేను పడితే గదా లేపేది!" అన్నాను.

"పడతమని ఎవ్వలు పడరయ్యా."

ఖాదర్ సాబ్ గడ్డం చాటున నవ్వుకుంటూ పెద్ద బండిని ఇసుకలో మెల్లగా వాల్చాడు. నేను ధోవతి ఎగగట్టి హాండిలు పట్టి ఎత్తాను. జానెడు లేచి మళ్ళీ ఇసుకలో కూర్చున్నది. రెండోసారి వీపు ఆనించి నెట్టాను. మొహంలోకి రక్తమంతా వచ్చింది గాని బండి రాలేదు. ఖాదర్ సాబ్ సాయం పట్టబోతే లక్ష్మమ్మ అడ్డం వచ్చి, "నువ్వు పాన్‌గల్ వాగుకాడికి గూడ వస్తవా సాబ్?" అన్నది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒకప్పుడు నా పాత బండి పడితే ఒక్క చేత్తో నిలబెట్టేవాడిని. ఇసుకలో ఒక రాయి మీద వాళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాను. నా చేతుల మీద నాకే కోపం వచ్చింది.

ఆమె వచ్చి పక్కన కూర్చున్నది. కొంగుతో నా మెడ తుడిచింది. "ఇంకొకటున్నది గదా," అన్నది.

బక్క బండిని వాల్చాం. పళ్ళు బిగించి ఎత్తాను. లేచింది! కాస్త ఆయాసపడ్డాను, అంతే. కిక్కు కూడా మోకాలిని మన్నించింది. ఎక్కి కూర్చుంటే సీటు ఎత్తు గాని బండి సన్నం కాబట్టి రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకు అందాయి. వాగులో రాళ్ళ మీదికి తీసుకుపోయాను. ఎద్దు నడిచినంత మెల్లగా పోనిచ్చినా ఇంజను దగ్గలేదు, ఆగలేదు. ముందు చక్రం ఒక రాయి ఎక్కి దిగితే వెనుక చక్రం దాని వెంటే ఎక్కి దిగింది. కాలు కింద పెట్టకుండా వాగు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాను. నిజం చెప్పొద్దూ, వయసులో కట్టల మీద ఉరికించినప్పుడు కూడా అంత సంతోషపడలేదు. కానీ దిగగానే ఆ ఒంటి సీటు కంటపడింది.

"ఇది వద్దు," అన్నాను. "నీకు సీటు లేని బండి నాకెందుకు?"

లక్ష్మమ్మ వెనుక ఇనుప చట్రాన్ని చేత్తో నొక్కి చూసింది. "నా సీటు సంగతి నేను చూసుకుంట. నాకు నిన్ను మళ్ళ ఇంటికి తెచ్చే బండి కావాలె," అన్నది. నాగర్‌కర్నూల్‌లో నేను చీకటిపడి రాని రోజుల్లో ఈమె వాకిట్లో ఎంతసేపు నిలబడి ఉండేదో నాకప్పుడు తోచింది. ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా చెప్పలేదు. బక్కదాన్నే తీసుకున్నాం. ఎంతకు కొన్నానో రాయవద్దని ఆమె ఒట్టు పెట్టించుకున్నది కాబట్టి రాయను. పెట్రోలుకు ఇంకా కూపన్లే గనుక ముందుగానే తెచ్చుకోవాలని మాత్రం చెబుతాను.

ఆ రాత్రి గద్వాల సత్రంలో పడుకుని తెల్లవారి కృష్ణ రేవుకు పోయాం. సత్రంలో అడిగి పాత గొంగడి ఒకటి కొని, నాలుగు మడతలు వేసి, వెనుక చట్రానికి తాడుతో బిగించింది మా ఆవిడ. సీటు తయారు! రేవులో పుట్టిలో దాటాలి. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు తొడిగిన పెద్ద గుండ్రటి బుట్ట. బండిని నిలబెట్టి ఎక్కించబోతే పుట్టివాడు రెండు చేతులూ అడ్డం ఊపాడు.

"బ్యాడ బ్యాడ! నిలబెడితే నడుమ నీళ్ళల్ల పుట్టి పక్కకు ఒరుగుతది పటేలా. పండబెట్టాలె. బరువు కింద ఉండాలె." వాడు ఎగువ రేవుల్లో కన్నడం, ఇక్కడ తెలుగు మాట్లాడే మనిషి, బ్యాడ అంటే వద్దని. పెట్రోలంతా డబ్బాలోకి వంచి, వరిగడ్డి పరిచి, బండిని పండబెట్టాం. మనుషులకూ బండికీ కలిపి రూపాయి తీసుకున్నాడు. పుట్టి గిరగిరా తిరుగుతూ పోతుంటే లక్ష్మమ్మ బండి మీద చెయ్యి వేసి కూర్చున్నది, లేగదూడను దాటిస్తున్నట్టు. పుట్టివాడికి అది చూసి నవ్వాగలేదు. "భయపడకమ్మా, గీ ఎద్దు దుంకదు," అన్నాడు.

అవతలి ఒడ్డున పెట్రోలు మళ్ళీ పోసుకుని ఆత్మకూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. పూటకూళ్ళ ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర, ఉల్లిగడ్డ. వడ్డించే ముసలమ్మ వాకిట్లోని బండిని చూసి, "ఇద్దరు గా దాని మీదనే వచ్చిండ్రా? మనుమలు కొట్లాడి తోలేసిండ్రా ఏంది?" అన్నది. లక్ష్మమ్మకు రొట్టె గొంతులో పడింది, అంత నవ్వింది. అక్కడి నుంచి వనపర్తికి బాట పరవాలేదు, పొద్దుండగానే ఇల్లు చేరాం. ఒళ్ళు హూనమైంది గాని ఎద్దుల బండి దిగినప్పటి నొప్పి మాత్రం లేదు.

ఒకరోజు ఇంట్లో అలసట తీర్చుకుని ఆ తర్వాతి పొద్దున పాన్‌గల్ బాట పట్టాం. గుట్టల కింద ఆ బాటలో నేల కంటే రాళ్ళే ఎక్కువ. వాగు ఒడ్డుకు రాగానే లక్ష్మమ్మ, "నేను దిగి నడుస్త," అన్నది. మంచి పని చేసింది. చీలమండ లోతు నీళ్ళలో, నాచు పట్టిన గుండు మీద ముందు చక్రం జారింది, నేనూ బండీ పక్కకు ఒరిగాం. ధోవతి తడిసింది, మోచెయ్యి చీరుకుపోయింది. లేచి చూస్తే ఆమె ఒడ్డున నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. నా దగ్గరికి మాత్రం రాలేదు. రావాలని ఎంత ఉన్నదో మొహం చూస్తేనే తెలుస్తున్నది. నేను హాండిలు పట్టి, ఊపిరి బిగబట్టి బండిని లేపాను. వాగు లోతు లేదు, పొగగొట్టం ఎత్తున ఉంది గనుక ఇంజనులోకి నీళ్ళు పోలేదు. రెండు కిక్కులకు అంటుకుంది. అప్పుడు ఆమె నీళ్ళలోకి దిగి వచ్చి నా మోచేతికి కొంగు చింపి కట్టింది. "కొత్త చీర కొనియ్యాలె," అని మాత్రం అన్నది.

అక్క ఇంకా గోడవైపే తిరిగి ఉంది. "ఎవలు?" అన్నది.

"నేనే అక్కా."

"మొన్ననే వస్తివి గదరా! వాకిట్ల ఏందిరా గా సప్పుడు? పిండి గిర్నీ గిట్ల తెచ్చినవా?" అంటూ ఇటు తిరిగింది. పొద్దున ఇంట్లో బయలుదేరి పొద్దు బాగా పైకి రాకముందే చేరానని చెబితే నమ్మలేదు. మంచంతో సహా వాకిట్లోకి మోయించుకుని బండిని చూసింది. సొట్టల మీద చెయ్యి పెట్టి, "దీనికి గూడ నా అసుంటి దెబ్బలున్నయే," అన్నది. తర్వాత గొంగడి మడతను నొక్కి చూసింది. "మన జొన్నచేను దాక పోతదా?"

కొడుకులు ఒక్కసారిగా వద్దన్నారు. నాకు కూడా ధైర్యం చాలలేదు. లక్ష్మమ్మ ఇంట్లోకి పోయి బొంత తెచ్చి గొంగడి మీద వేసింది. "వదినా, నేను పక్కన నడుస్త. నీ నడుము నా చేతుల ఉంటది. కుదుపు తగిలితే ఒక్క కేక పెట్టు, ఆగుతం," అన్నది. అందరూ కలిసి అక్కను నా వెనుక కూర్చోబెట్టారు. ఆమె రెండు చేతులూ నా నడుము చుట్టూ వేసింది. చిన్నప్పుడు ఆమె నడుముకు నేను అట్లాగే కరుచుకునే వాడిని. ఒక పక్క లక్ష్మమ్మ, ఇంకో పక్క పెద్దకొడుకు నడుస్తుంటే, వాళ్ళ నడకకు మించకుండా బండిని పోనిచ్చాను. గతుకు వచ్చిన చోటల్లా దాదాపు ఆపి, ఎక్కించి, దించాను. అక్క ఒక్క కేక కూడా పెట్టలేదు. చేనుగట్టు దగ్గర దించితే, లక్ష్మమ్మ భుజం పట్టుకుని ఒక కంకిని వంచి గింజ కొరికి చూసింది. "పాలు ఇంకినయి. పది దినాలల్ల కోయాలె, పిట్టలు తింటున్నయి, మీకు కండ్లు కానొస్తలేవా?" అని కొడుకును తిట్టింది. వాడు తల వంచుకుని తిట్లు తింటూ ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

తొందరగా చేరడానికి బండి కొన్నాననుకున్నాను. దారిలో తొందర నిజమే, రోజంతా పట్టే ప్రయాణం పూట కూడా పట్టలేదు. కానీ ఆ బండి నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ చేను దాకా పోయిన కాస్త దూరంలోనే. వయసులో బండి నుంచి ఉరుకు కోరుకుంటాం, ఇప్పుడు మనవాళ్ళను వెంటబెట్టుకుని పోయే ఓపిక కోరుకోవాలి. కొనబోయే వారికి నా సలహా ఒక్కటే. బేరానికి ముందు బండిని ఇసుకలో పండబెట్టి, ఎవరి సాయమూ లేకుండా లేపి చూడండి. లేవకపోతే అది ఎంత సొగసైనదైనా అక్కడే వదిలి రండి. ఇంకా రాయాలని ఉంది గాని పొద్దెక్కుతున్నది, అక్క నుంచి కబురొచ్చింది. ఈ వారం తనను పాన్‌గల్ సంతకు తీసుకుపోవాలట. చేనులో ముళ్ళున్నాయి, కొత్త చెప్పులు కొనుక్కోవాలట.